కందెన నాకిన నక్క

కొండ అవతలి నుంచి రాళ్లు తెచ్చే ఒంటెద్దు బండి అది. బండి లాగే ఎద్దు బలిసి నిగనిగలాడుతుంటే, తుప్పల్లోంచి చూసే నక్కకు నోరూరేది. గోతికాడ నక్క అని ఊరికే అన్నారా, ఎద్దు ఎప్పుడు కూలుతుందా అని కాచుకుని కూర్చుంది. ఎద్దేమో కూలేలా లేదు. బండివాడు గవరయ్య చెవిటివాడే కానీ, సంత రోజు పొద్దున్నే ఆముదంలో బూడిద కలిపి ఇరుసుకు కందెన పెట్టడం మరిచేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం గవరయ్య చెట్టు కింద కునుకు తీస్తుంటే, నక్క మెల్లగా చేరి ఎద్దు కష్టసుఖాలు అడిగింది. దిగుడు బాట తలుచుకుంటేనే భయమంది ఎద్దు. రాళ్ల బండి వెనకనుంచి తోసుకొస్తుంటే ప్రాణం పోయినంత పనవుతోందట.

"ఆ జారుడంతా కందెన వల్లే మావా. నేను నాకేస్తే ఇరుసు పట్టేస్తుంది. బండి నీ మాట వింటుంది," అంది నక్క.

"మరి ఎక్కుడు బాటలోనో అల్లుడూ?"

"నీ కండకు ఎక్కుడొక లెక్కా?"

పొగిడితే పొంగని ఎద్దుంటుందా, సరేనంది. నక్క చక్రం నడుమ సందులోకి నాలుక చాపి నాకేసింది. దాని మొహం ఆముదం తాగినట్టయింది, తాగిందీ అదే మరి.

దిగుడులో బండి నిజంగానే బుద్ధిగా నడిచింది. ఎద్దు కొంప ముంచింది ఆ సుఖమే. ప్రతి సంతకూ గవరయ్య కందెన పెట్టడం, నక్క నాకెయ్యడం. ఎక్కుడులో ఇరుసు కీచుమని ఏడ్చినా ఆ చెవిటి చెవులకు చేరేది కాదు. మేత తగ్గలేదు, ఒళ్లు మాత్రం కరిగిపోయింది.

ఒకనాడు ఎక్కుడు ఎక్కివచ్చాక గవరయ్య కాడి విప్పి కునుకు తీస్తుంటే, ఎద్దు చక్రం నడుమ మూతి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"నిప్పులా కాలుతోంది అల్లుడూ. నా సత్తువంతా ఇక్కడే రాపిడికి మండిపోతోంది. ఇది మళ్లీ నా కాళ్లలోకి రాదా?"

"గాలిలో కలిసిన వేడిని ఎవడు పట్టి తేగలడు మావా?"

"అయితే ఇకమీదట కందెన ఉండనీ."

"ఈ వారానిది నాకేశానుగా. సంత దాకా ఓర్చుకో."

ఎద్దు బాధ చెవులున్నవాడికే అర్థం కాదు, గవరయ్యకేం తెలుస్తుంది? సంత రాకముందే ఎక్కుడు మధ్యలో అది ముందుకాళ్ల మీద కూలి, మళ్లీ లేవలేదు. గవరయ్య దాని మెడ కౌగిలించుకుని ఏడ్చాడు. పూడ్చడానికి మనుషుల్ని పిలుచుకు రావాలని ఊళ్లోకి పోయాడు.

నక్క ఒక్క దూకు దూకింది. తొడ కొరికితే పన్ను ఎముకకు తగిలింది. మూపురం చూసింది, డొక్క చూసింది. ఎక్కడా పిడికెడు మాంసం లేదు. తాను ఇన్నాళ్లూ కాపలా కాసిన కండంతా ఆ ఇరుసు దగ్గరే రోజూ కాస్త కాస్త అరిగి, వేడై గాలికి పోయిందని దానికి అప్పుడు తెలిసింది. పోగొట్టింది తన నాలుకే. కడుపు కాలి నక్క కూడా ఏడ్చింది, ఎద్దు కోసం కాదులెండి. మనుషుల అలికిడి వినిపిస్తే ఆ ఏడుపూ మింగుకుని తుప్పల్లోకి పోయింది.

రాపిడిలో వేడై పోయిన సత్తువ సొంతదారుకు తిరిగి రాదు, దోచినవాడికీ దక్కదు.