సలోమి వేయించిన కుర్చీ

జెకర్యా అయ్యగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతికి ముందు ఏదో ఒక పని అప్పజెప్పేవారు. బల్లలు జరపమనేవారు, గంట తాడు మార్చమనేవారు. పని అయ్యేలోగా ప్రశ్న సగం అరిగిపోతుందనీ, మిగిలిన సగమే అసలు ప్రశ్న అనీ ఆయన నమ్మకం. గోదావరి పాయల మధ్య నలభై ఏళ్లు పాస్టరుగా క్రైస్తవ సంఘాలు కాసిన మనిషి. అడిగేవాళ్లను చాలామందినే చూశారు.

ఆయన దగ్గర సేవ నేర్చుకుంటున్న ఆసాపు ఒక గురువారం పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అయ్యగారూ, దేవుడు ప్రేమగలవాడనీ, నమ్మదగినవాడనీ వచనాలతో సహా అప్పజెప్పగలను. కానీ మా అమ్మ మంచం పట్టి ఏడాదైంది. ఏడాదిగా అడుగుతున్నాను, ఆయన ఉలకడు, పలకడు. అసలు ఆయన ఎలాంటివాడో నాకు తెలుసా అని అనుమానం వచ్చింది. తెలియనివాణ్ణి గురించి ఆదివారం ఏం బోధించమంటారు?"

"పది గంటలకు ఓబద్యా కూతురి పెండ్లి. ముందు కుర్చీలు తుడువు," అన్నారు అయ్యగారు.

ఓబద్యా కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే మనిషి. ఒళ్లు దాచుకోడు, మాట తూలడు, కానీ వేళకు రావడం అతని జాతకంలో లేదు. తన పెండ్లికే అరగంట ఆలస్యంగా వచ్చాడని చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమో గాని, కూతురి పెండ్లినాడు మాత్రం పదిన్నరైనా జాడ లేదు. తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా ఇల్లు కదిలాడట.

పెండ్లికూతురిని తండ్రి చేయిపట్టి గుడిలోకి నడిపించడం ఆ వైపు ఆచారం. దొరలు తెచ్చినదే కావచ్చు. మూడు తరాలు గడిచాక అది మన తాతలదే అయిపోయింది. తండ్రి లేని పిల్లను మేనమామ నడిపిస్తాడు. తండ్రి బతికుండగా మేనమామ నడిపిస్తే మాత్రం ఆ మాట ఆ పిల్ల ముసలిదయ్యేదాకా వెంట తిరుగుతుంది.

ఆసాపు ఇద్దరిని సైకిళ్ల మీద బస్టాండు దాకా తోలాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

"కల్లుపాకలో చూశారా?" అన్నాడు పెండ్లికొడుకు పెదనాన్న. అటువైపు వాళ్లంతా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. "పన్నెండు దాటితే మేం లేస్తామండి. మేనమామ ఉన్నాడుగా? కానిచ్చెయ్యండి."

ఆసాపుకూ అదే సబబుగా తోచింది. గుడి పక్క గదిలో తెల్లచీరలో, ముసుగులో కూర్చున్న సలోమి దగ్గరకు వెళ్లాడు.

"లే అమ్మా. తీతు మామ నడిపిస్తాడు."

"మా నాన్న వస్తాడండి."

"ఎక్కడికి వెళ్తున్నాడో నీతో చెప్పాడా?"

"చెప్పడమా! ఆయన ఎప్పుడు చెప్పి ఏడ్చాడు గనక? రానివ్వండి, నాలుగు దులుపుతాను." ముసుగు అంచుతో కళ్లు ఒత్తుకుంది. "పిలుపుల్లో ఎవరో తప్పిపోయుంటారండి. ఒక్క మనిషి మిగిలిపోయినా మా నాన్నకు ముద్ద దిగదు. వాళ్లను తేవడానికే పోయుంటాడు. ముందు వరసలో ఇంకో కుర్చీ వేయించండి. చేతులున్నది వేయించండి."

"చేతులున్నది ఎందుకు?"

"నడవగలిగినవాళ్లంతా వచ్చేశారుగా!"

అయ్యగారు వింటే నవ్వుతారనుకున్నాడు ఆసాపు. ఆయన తన గదిలోని చేతుల కుర్చీ తీసుకెళ్లి వేయమన్నారు. అందరి కళ్లూ తన వీపు మీదే ఉండగా ఆసాపు దాన్ని మోసుకుపోయి ముందు వరసలో పెట్టాడు.

"ఇదెవరికి, రానివాడికా?" అన్నాడు పెదనాన్న.

పన్నెండుకు పది నిమిషాలుందనగా కేక వినిపించింది. అందరూ రోడ్డు వైపు చూస్తుంటే కేక కాలవ గట్టు మీద నుంచి వచ్చింది. ఓబద్యా వస్తున్నాడు. పెండ్లికి కుట్టించుకున్న తెల్ల చొక్కా రొమ్ము దాకా బురద. వీపు మీద అతని మేనత్త దీనమ్మ. చూపు లేదు, కాళ్లు పడిపోయాయి. లంకలో ఒంటరిగా ఉంటుంది. పిలుపులకు వెళ్లినవాళ్లు ఏరు దాటలేదు. వచ్చేటప్పుడు పడవ ఇసుకమేట ఎక్కి కదలనంటే, ఓబద్యా నీళ్లలోకి దిగి ఆమెను మోసుకొచ్చాడు.

"దింపరా ఒరే, జనం నవ్వుతారు! పెండ్లికూతుర్ని నేను కాదు!" అని అరుస్తోంది ముసలామె.

పెదనాన్నే లేచి కుర్చీ సరిచేశాడు. ఓబద్యా ఆమెను అందులో కూర్చోబెట్టి, ఆమె చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టి, గుమ్మం దగ్గరకు పరుగెత్తాడు.

"ఇదా రావడం?" అంది సలోమి. నాలుగు దులుపుతానన్న పిల్ల ఒక్క మాటతో సరిపెట్టి, ఆ బురద చేతినే గట్టిగా పట్టుకుంది. తెల్లచీరకు మరక అంటింది. పాట ఎత్తుకున్నారు.

బలిపీఠం దగ్గర నిలబడిన ఆసాపు, నడిచివస్తున్న ఆ ఇద్దరినీ చూస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పిల్లకెలా తెలిసిందండీ?"

అయ్యగారు కళ్లజోడు సర్దుకుని పుస్తకం తెరిచారు.

"ఓబద్యా ఎక్కడున్నాడో ఆ పిల్లకీ తెలియదు, ఆసాపూ. ఎలాంటివాడో తెలుసు."