ఎండిన రవ్వ

శిష్యులు ఏదైనా అడిగితే భూషయ్య గారు నోటితో జవాబు చెప్పేవారు కాదు. వాళ్ల చేతికే ఏదో ఒక పని అంటగట్టేవారు.

ఆయన మృదంగ పాఠశాలలో పద్నాలుగేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న సోమశేఖరం ఉద్యోగం మానేశాడు. హరికథ బృందంలో వాయించమని పిలుపొచ్చింది. మర్నాడు నాలుగింటికి గురువుగారి ఎదుట తల వంచుకుని కూర్చున్నాడు.

"పిల్లలంటే నాకు ప్రాణమండీ. అయినా మానేస్తున్నానని మీతో చెప్పగానే మనసు దూదిపింజలా తేలికైపోయింది. సిగ్గుగా ఉంది. ఇన్నేళ్లూ నాది ఇష్టమేనా, నటనా?"

భూషయ్య గారు లోపలికి వెళ్లి ఒక మృదంగం తెచ్చి అతని ముందు పెట్టారు. ఎడమ వైపు గుమ్మని మోగాలని తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. వాయించడం అవగానే తీసేయాలి. లేకపోతే చర్మం చెడిపోతుంది. ఈ మృదంగం మీద రవ్వ ఎండి బీటలు వారింది.

సోమశేఖరం ముఖం మాడిపోయింది. అది నిన్న తను పెట్టిన రవ్వే. ఆఖరి పాఠం అవగానే ఒక పాప, "రేపు ఏ పాఠం మాష్టారూ?" అంది. నిజం చెప్పే ధైర్యం లేక, "వెళ్లొస్తానమ్మా" అనేసి, చెప్పులు వేసుకుని దొంగలా జారుకున్నాడు. రవ్వ తీయలేదని ఎంతమంది పిల్లల్ని చెడామడా తిట్టాడో లెక్కలేదు.

"పిల్లలు చూశారాండీ?"

"చూశారు. మాష్టారు మళ్లీ వచ్చి వాయిస్తారు, అందుకే ఉంచారని అనుకున్నారు. పొద్దున వాళ్లు వచ్చినప్పుడు నేను తీయబోతే నన్నే ముట్టుకోనివ్వలేదు."

సోమశేఖరానికి తల కొట్టేసినట్టయింది. కళ్లనీళ్లు కుక్కుకుంటూనే గోటితో ఆ పెచ్చులు గీకబోయాడు.

"గీకకు, చర్మం లేస్తుంది" అని భూషయ్య గారు తడిగుడ్డ అందించారు.

"నానబెట్టి, వాళ్లొచ్చేలోగా తీసేసి వెళ్లిపోతానండీ."

గురువుగారు ఆ గుడ్డను రవ్వ మీద పరిచి, అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"అయిదింటికి వస్తారు. వాళ్ల ముందే తియ్యి. వాయించడం అయ్యాక రవ్వ తీసేది వాద్యం మీద ఇష్టం లేక కాదని వాళ్లకు తెలుసు. అది వాళ్లకు చెప్పినవాడివి, నువ్వే మర్చిపోయావు."