గేదె పళ్ల జలతరంగం

సినిమా బొమ్మలకు అప్పుడప్పుడే చప్పుడొచ్చిన రోజులవి. తెల్లతెర మీద నల్లగీతలతో ఒక పిల్లీ, ఒక గేదే ఉండేవి. పిల్లి హీరో. గేదె వాయిద్యం.

ప్రతి ఆటలోనూ పిల్లి రెండు పుల్లలు పట్టుకొచ్చి, గేదె నోరు తెరిపించి, పళ్ల మీద జలతరంగం వాయించేది. అసలు గేదెకు పైవరసలో ముందుపళ్లే ఉండవు. అయినా పాట నిండుగా రావాలని బొమ్మలాయన రెండు వరసలూ ధారాళంగా గీశాడు. ఆ దరువుకి చెట్లూ, రాళ్లూ, ఆఖరికి శవంతో పోతున్న పాడె కూడా ఎగిరేవి. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

గేదెకి మాత్రం చిగుళ్లు సలిపేవి. ‘ఊరంతా నా నోటితోనే పాడుతోంది, నేను తప్ప’ అనుకునేది.

ఒకనాటి ఆటలో పిల్లి పుల్లలెత్తింది. గేదె నోరు బిగించింది. పాట ఆగింది. పాడె గాలిలోనే నిలబడిపోయింది. హాల్లో ఎవరో దగ్గారు.

“అక్కా, పరువు తియ్యకే. నోరు తెరువు,” అంది పిల్లి, గొంతు తగ్గించి.

“నీకు లేవట్రా పళ్లు? వాటినే వాయించుకో.”

పిల్లి రోషంగా నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు. జనం ఇన్నాళ్లూ మురిసిపోయిన చిరునవ్వు ఒట్టి వంకరగీత. ఈలలు లేచాయి, కుర్చీలు విరిగాయి.

మర్నాడు బొమ్మలాయన రబ్బరు పట్టుకొచ్చాడు. “తెరుస్తావా, చెరిపెయ్యనా?”

చెరిపేస్తే ఇక మిగిలేది కాగితమే. అయినా గేదె అంది: “చెరిపెయ్. ముందు పళ్లతో మొదలెట్టు. వాటి పోటు భరించలేకపోతున్నా.”

ఆయన కాసేపు ఆలోచించాడు. హీరోకే పళ్లుంటే ఈ గేదె ఎందుకు, దండగ! దాని సంగతి తర్వాత చూద్దామని, ముందు పిల్లికి తెల్లగా, వాడిగా రెండు వరసల పళ్లు గీశాడు. పిల్లి వాటిని నాలుకతో తడిమి చూసుకుంది.

“ఎలా ఉన్నాయిరా?” అన్నాడు, వేలితో చిగురు సవరిస్తూ.

పిల్లికి పాట గుర్తుకు రాలేదు. ఆకలి గుర్తుకొచ్చింది. కసుక్కున కొరికింది.

రబ్బరు ఎటో దొర్లిపోయింది. కాగితం మీద చుక్కలు పడ్డాయి. ఆటకి వేళ మించిపోతోంది. ఆయన వేలికి గుడ్డ చుట్టుకుని, ఆ కాగితాన్నే హాలుకి పంపేశాడు.

ఆ పూట తెర మీద పాట లేదు. గేదె ఓ పక్కన ఏ తాళమూ లేకుండా, తోచినట్టు నెమరేసుకుంటోంది. పిల్లి మూతి తుడుచుకుంటోంది. నల్లగీతల మధ్య అక్కడక్కడా ఎర్రగా మెరిసింది.

“రంగుల బొమ్మ వచ్చిందర్రోయ్!” అని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.