తీతువుల గులకరాళ్లు

అనగా అనగా, ఎండాకాలం వస్తే సగం నీళ్లూ సగం గులకరాళ్లూ మిగిలే ఒక ఏరు ఉండేది. ఆ రాళ్ల నడుమ తీతువు పిట్టల జంట ఒకటి గుడ్లు పెట్టుకుంది. గుడ్లు అచ్చం గులకరాళ్లలాగే ఉండేవి.

మగ తీతువు పేరు కంఠీరవుడు. పేరు సింహానిది, ఒళ్లు పిడికెడు, గొంతు మాత్రం ఊరంత. భార్య సులోచన నెమ్మదస్తురాలు.

ఒకనాడు ఒక ముసలి కాకి వచ్చి ఒడ్డున మోడు మీద వాలింది. "ఇన్ని రాళ్లలో నేను వెతకడమెందుకు? గుడ్లెక్కడో వీళ్లే చెబుతారు" అనుకుని రాళ్ల మధ్య గెంతసాగింది.

కాకి తమ గూటి వైపు వచ్చేకొద్దీ కంఠీరవుడు గొంతు చించుకున్నాడు. కాకి నవ్వుకుంటూ ఆ అరుపు వెంటే నడిచింది. ఇంతలో గేదెల మంద నీళ్లకు దిగింది కాబట్టి సరిపోయింది, కాకి ఎగిరిపోయింది.

"నీ నోరే మన కొంప ముంచేది!" అంది సులోచన.

మర్నాడు కాకి మళ్లీ వస్తే కంఠీరవుడు ఒడ్డంతా తిరుగుతూ అరిచాడు. అది గూటి దగ్గరికి రాగానే మాత్రం ముక్కు బిగించుకుని కూర్చున్నాడు, పాపం.

"ఇంతసేపూ అరిచినవాడు ఇక్కడ మూగవాడయ్యాడేం? ఇక్కడే ఉన్నాయన్నమాట!" అంది కాకి. ఆలుమగలిద్దరూ ప్రాణాలకు తెగించి పొడిచి, ఎలాగో దాన్ని తరిమారు. కంఠీరవుడి రెక్కకు గాయమైంది.

సులోచన ఆ రెక్కను ముక్కుతో నిమురుతూ అంది: "అరిచినా తెలిసిపోయింది, మానినా తెలిసిపోయింది. ఇక నుంచి కాకి ఉన్నా లేకపోయినా ప్రతి రాళ్లకుప్పనూ పొదుగుదాం. ప్రతి చోటా ఒక్కలాగే అరుద్దాం."

"ఉత్త రాళ్ల మీద అంత ప్రేమ ఎక్కణ్ణుంచి తెమ్మంటావే?"

"నీ దగ్గర బోలెడుంది. ప్రతి రాయీ మన బిడ్డే అనుకోవయ్యా."

తెల్లవారుతూనే మొదలుపెట్టారు. ఇక్కడ కూర్చున్నారు, అక్కడ కూర్చున్నారు, రాళ్లను ముక్కుతో సర్దారు, కాస్సేపు గుడ్లనూ పొదిగారు. మూడోసారి కాకి వచ్చింది. రాళ్లన్నీ ఒక్కలాగే ఉండటంతో కిందటిసారి చూసిన చోటు ఏదో దానికి అంతుచిక్కలేదు. ఎక్కడ వాలినా అదే అరుపు, అదే కంగారు! ఆశగా పొడిచిన ప్రతి చోటా రాయే తగిలి దాని ముక్కు వాచిపోయింది.

చివరికి కాకి సరిగ్గా గుడ్ల పక్కనే నిలబడింది. అయినా కంఠీరవుడు రాళ్ల కోసం ఎంత అరిచాడో అంతే అరిచాడు, ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"వీళ్లకు పిచ్చి పట్టింది! రాళ్లను కన్నబిడ్డల్లా చూసుకుంటున్నారు" అని విసుక్కుని కాకి ఏరు దాటి వెళ్లిపోయింది.

అప్పుడు కంఠీరవుడు వచ్చి భార్య పక్కన ఒదిగి కూర్చున్నాడు. కొన్నాళ్లకు గుడ్లు చిట్లి, నాలుగు బుల్లి గొంతులు ఒకేసారి కీచుమన్నాయి. అన్నీ నాన్న పోలికే!

నీతి: దాచిన చోట మాత్రమే జాగ్రత్త పడితే ఆ జాగ్రత్తే ఆచూకీ చెబుతుంది, అన్ని చోట్లా ఒక్కలా మెలిగేవారి గుట్టు పదిలంగా ఉంటుంది.