భోజనానికి వెళ్లిన దుబాసీ

ఒకానొక రాజ్యం నదికి రెండు గట్లా పరుచుకుని ఉండేది. ఈ గట్టున తెలుగు, ఆ గట్టున కన్నడం. ఏలే వీరనరేంద్రుడికి మాత్రం తెలుగు తప్ప మరో ముక్క రాదు. రాకపోవడమే దర్జా అనుకునేవాడు.

నది మీద పడవలు నడిపే వర్తక సంఘానికి రంగశెట్టిని పెద్దగా నియమించింది ఆయనే. శెట్టికీ కన్నడం రాదు. "పెద్దవాడికి ఒక భాష చాలు. రెండోదానికి దుబాసీ ఉన్నాడుగా!" అనేవాడు రాజు. ఒక భాష మాటను రెండో భాషలో చెప్పే ఆ దుబాసీ పేరు మాచన.

ఒక వానాకాలం పడవ సుడిలో చిక్కి ఇద్దరు కన్నడ సరంగులు పోయారు. శెట్టి పల్లకిలో వెళ్లి, వాళ్ల వాకిళ్లలో తెలుగులో నాలుగు పరామర్శ మాటలు చదివి వచ్చేశాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న గంగవ్వకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆ సాయంత్రమే పడవవాళ్లంతా తెడ్లు దించేశారు.

రాజు మాచనను పిలిపించాడు. "శెట్టి మాటలే కన్నడంలో చెప్పిరా. రేపటికి పడవలు కదలకపోతే నీ తల ఉండదు."

"ప్రభూ, మాటైతే మోసుకుపోగలను. మనసెలా మోయను? శెట్టిగారే రెండు ముక్కలు నేర్చుకుంటే..."

"ఈ వయసులో శెట్టి పలక పట్టాలా? నోర్ముయ్!"

మాచనకు అన్నం సయించలేదు. 'మీ శెట్టికి నోరు లేదా?' అని గంగవ్వ అడిగితే ఏం చెప్పాలి?

తెల్లారి కాళ్లీడ్చుకుంటూ రేవుకు వెళ్లాడు. అక్కడ యువరాజు ఒక ముసలి సరంగు దగ్గర ఈత నేర్చుకుంటున్నాడు. మాచన కాసేపు చూశాడు. మనసులో ఏదో మెరిసింది. బెడిసికొడితే తల పోతుందని తెలుసు. అయినా వెనుదిరిగి సభకు పోయాడు.

"యువరాజరు నదియల్లి ఈజు కలితరు!" అన్నాడు కన్నడంలో. గొంతు వణికింది. అది నటన కాదు, ప్రాణభయం.

రాజు ముఖం పాలిపోయింది. "నదిలో కలిశాడా? నా బిడ్డకేమైందిరా? తెలుగులో చెప్పు!"

"దుబాసీ భోజనానికి వెళ్లాడు ప్రభూ."

"దుబాసీవి నువ్వే కదరా!" రాజు సింహాసనం దిగి పరుగున వచ్చి అతని భుజాలు పట్టుకున్నాడు. "నీకు పుణ్యముంటుంది, చెప్పు!"

మాచన కాళ్ల మీద పడ్డాడు. "యువరాజావారు నదిలో ఈత నేర్చుకున్నారని అర్థం ప్రభూ! క్షేమంగా ఉన్నారు. నేర్పినవాడు కన్నడ సరంగే. కష్టంలో ఉన్నప్పుడు తెలియని భాష ఎలా తగులుతుందో తమరు రెప్పపాటు చూశారు. గంగవ్వ వాకిట్లో శెట్టిగారి మాటా అలాగే తగిలింది."

రాజు చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది.

అంతలో యువరాజు నీళ్లోడుతూ పరుగెత్తుకొచ్చాడు. "నాన్నగారూ, ఈత వచ్చేసింది!"

రాజు కొడుకును గుండెకు హత్తుకుని, కళ్లు తుడుచుకుని, విరగబడి నవ్వాడు. "నీ తల తీస్తానంటే నా తలే తిప్పేశావు కదరా!" అంటూ తన మెడలోని ముత్యాల హారం మాచన మెడలో వేశాడు. సభలోనే ఉన్న శెట్టి వైపు తిరిగాడు. "శెట్టీ, రేపటి నుంచి మాచన దగ్గర పాఠం. నీ పక్కన నేనూ కూర్చుంటాను."

కొన్నాళ్లకు శెట్టి పల్లకి లేకుండా గంగవ్వ ఇంటికి వెళ్లాడు. "తప్పాయితు, తాయీ" అన్నాడు తడబడుతూ. తప్పైంది, తల్లీ అని.

గంగవ్వ అతని ఉచ్చారణ సరిదిద్దింది. తర్వాత కూర్చోమని చాప వేసింది. ఆ సాయంత్రమే పడవలు కదిలాయి.