బోడికొండ మీద వేపచెట్టు

తిప్పేస్వామికి దిక్కు తోచడం లేదు. రాయదుర్గం అవతల ఇసుక మేటల వెనకున్న బోడికొండను మూడేళ్లుగా నూనె రంగుల్లో వేస్తున్నాడు. మూడేళ్లుగా పట్నంలో బొమ్మల ప్రదర్శన పెట్టేవాళ్లు తిప్పి పంపుతున్నారు. ఈసారి అక్కడి పెద్దాయన కాస్త కరుణించాడు. "ఈ ఎండా, ఈ రాళ్లూ ఎవరు చూస్తారయ్యా? ఓ పచ్చని చెట్టు పెట్టు. మొదటి గోడకే తగిలిస్తా" అన్నాడు.

ఇంకేముంది! పటంలో కొండ వాలు మీద ఏపుగా వేపచెట్టు లేచింది. ఆ కొండ పుట్టి బుద్ధెరిగాక చెట్టన్నది ఎరగదు పాపం.

పటం తెచ్చి గురువు ముందు పెట్టాడు. గురువు హొన్నూరు సాయిబు, డెబ్బై దాటిన ఫకీరు. కొండ కింద రాతి గదిలో ఉంటూ బొమ్మలు వేసుకునే మనిషి.

"తప్పా తాతా? ఒక్క చెట్టే గదా! ఈ బొమ్మ గోడకెక్కితే మా నాయన నన్ను కుంచె పారేసి లారీ ఎక్కమనడు."

సాయిబు పటం వంక చూశాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"రంగుల పెట్టె తీసుకో. పటం పట్టుకోని రా."

మిట్టమధ్యాహ్నం. ముసలాయన కొండెక్కాడు. పటంలో చెట్టున్న చోటు సరిగ్గా చూసుకుని, పెనంలా కాలుతున్న బండ మీద చతికిలబడ్డాడు. పైగా తలపాగా తీసి పక్కన పెట్టాడు.

"తాతా, ఎండ! దిగు."

"ఎండ యాడిదప్పా? నీ చెట్టు నీడన కూసున్నా. సల్లగా ఉండాది."

గడ్డం మీంచి చెమట కారుతోంది. తిప్పేస్వామి బతిమాలాడు, కాళ్లు పట్టుకున్నాడు, ఆఖరికి కోపమొచ్చి అరిచాడు. ముసలాయన ససేమిరా కదల్లేదు. అబ్బ, ఏం మొండి మనిషండీ!

తిప్పేస్వామికి ఏడుపొచ్చేసింది. అక్కడే పటం బండకు ఆనించి పెట్టె తెరిచాడు. రంగు ఇంకా ఆరలేదు. రంగులు గీకే కత్తి తీసి చెట్టు మొత్తం గీకేశాడు. అప్పుడు లేచాడు సాయిబు.

తిప్పేస్వామి ఎర్రబండలను మళ్లీ దిద్ది, రెండో రోజు బోడికొండనే పట్నం తీసుకెళ్లాడు. పెద్దాయన మొహం చిట్లించాడు. "చెట్టేదయ్యా?"

"ఆడ మొలవనీండి సార్. మొలిచినాక ఏస్తా." తల దించలేదు తిప్పేస్వామి. పటం చేత పట్టుకుని, ఎండలో బస్టాండు దాకా నడిచి వచ్చేశాడు.

సాయిబు గది వాకిట్లోనే ఉన్నాడు. "గోడకు తగిలిచ్చినారా?"

"లేదు తాతా. ఇంక మా నాయన ఊరుకోడు. తగిలిచ్చేవాడే లేనప్పుడు ఎందుకు ఏస్తావురా అంటాడు."

సాయిబు తలెత్తి కొండ వైపు చూశాడు.

"అంత కొండ నిలబడుండాదే, దాన్ని ఎవురు తగిలిచ్చినారప్పా?"