ఒళ్ళు ఆరేదాకా

“గట్టు తెగ్గొట్టినవాడికి పెద్దరికమా? వాడి పేరు కొట్టేయండి!”

పుట్టల వీధి ఆ చివర నుంచి వచ్చిన ఈ అరుపుకి, ఇప్పపువ్వు ఏరుకుంటున్న చిప్పమ్మ తాబేలు మెడ బయటికి చాచింది. అరిచినవాడు తోకయ్య కొండముచ్చు. చెట్టెక్కి మరీ అరుస్తున్నాడు.

అది తునికిమాను అడవి. ఎలుగులు, దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, అందరికీ కలిపి ఒకటే మడుగు. ఏటా వేసవిలో ఒక మడుగు పెద్దను ఎన్నుకుంటారు. ఆ రోజు ఎన్నిక. అయ్యాక అందరూ కలిసి తినాలని మోదుగాకు విస్తళ్ళు కూడా కుట్టి పెట్టుకున్నారు. పోటీలో ఇద్దరే. పోయినేడు పెద్దగా చేసిన ముట్టెన్న అడవిపంది, ఇదిగో ఈ తోకయ్య.

పెద్దల బండ మీద పాతకాలం వాళ్ళు ఒక కట్టుబాటు గీసిపెట్టారు. నీళ్ళు తాకి ‘మడుగు కాస్తాను’ అని మాట ఇచ్చి, ఆ మడుగుకే చేటు చేసినవాడు మళ్ళీ పెద్ద కాకూడదు.

“పోయిన వానాకాలం తెగిన గట్టు మీద ముట్టె గుర్తులు నేను కళ్ళారా చూశాను” అన్నాడు తోకయ్య.

“మరి అప్పుడే చెప్పలేదేం?” అంది కుందేలు.

“అప్పుడు నేను పోటీలో లేనుగా.”

ఆ గట్టులోనే చిప్పమ్మ తొమ్మిది గుడ్లు పెట్టుకుంది. గట్టుతోపాటే అన్నీ కొట్టుకుపోయాయి. పైగా ఆ ఏడు తీర్పు చెప్పే వంతు ఆమెదే. ఒక్క మాట అంటే చాలు, ముట్టెన్న పని అయిపోతుంది. అనాలనే ఉంది కూడా.

కానీ చిప్పమ్మ తీర్పు చెప్పడానికి బండ ఎక్కలేదు.

“నా గుడ్లు పోయాయి. మండే కడుపుతో తీర్పు చెప్పకూడదు. ఎలుగు తాతా, నా బదులు నువ్వు కూర్చో. ముందు ముట్టెన్నను మునగమను.”

“ఇంకా వినేదేముంది అత్తా, ఆకలేస్తోంది” అన్నాడు తోకయ్య.

“రేపు నీ మీద ఎవరైనా అరిస్తే, అప్పుడూ మాకు ఆకలేస్తుంది నాయనా. పరవాలేదా?” అంది చిప్పమ్మ.



మునగడమంటే ఏమిటో చెప్పాలి కదా. మాట పడ్డవాడు మడుగులో ఒక్క మునక వేసి వచ్చి మాట్లాడాలి. ఒళ్ళు ఆరేదాకా ఎవరూ అడ్డు రాకూడదు. కుందేలైతే ఇట్టే ఆరిపోతుంది. ముట్టెన్నకేమో చీపురు పుల్లల్లాంటి వెంట్రుకలు, వాటి నిండా బురద.

ముట్టెన్న ఠీవిగా మునిగి వచ్చాడు. “నా అంతటి పెద్ద ఈ అడవిలో పుట్టలేదు” అన్నాడు. “గట్టు ఎండ్రకాయలు తొలిచాయి” అన్నాడు. “అయినా ఆ రోజు నేను అడవిలోనే లేను” అన్నాడు. ఎవరూ కిక్కురుమనలేదు. అబద్ధాలన్నీ అయిపోయాయి. ఒళ్ళు మాత్రం ఇంకా ఆరలేదు.

చెవి కొన నుంచి ఒక నీటిచుక్క రాలింది. ఎదురుగా చిప్పమ్మ ఓపిగ్గా వింటోంది. ముట్టెన్న తల దించుకున్నాడు.

“గడ్డల వాసన తగిలింది అత్తా. గట్టని తెలుసు. ఒక్క గడ్డే కదా అని తవ్వాను. నీ గుడ్లు అక్కడున్నాయని తెలీదు. తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు.”

చిప్పమ్మ మెడ లోపలికి లాక్కుంది.

ఎలుగు తాత లేచాడు. “మాట ఇచ్చి తప్పాడు. తెలిసే తప్పాడు. పేరు కొట్టేస్తున్నాను. ఇక వీడు మడుగు పెద్ద కాలేడు.”

“అడవిలోంచే తరిమేయండి” అన్నాడు తోకయ్య.

“పెద్ద కాకూడదనే గీశారు. నీళ్ళు తాగకూడదని గీయలేదు” అన్నాడు ఎలుగు తాత.

ఇక మిగిలింది తోకయ్య ఒక్కడే. తోక సవరించుకున్నాడు కూడా. కానీ కుందేలు లేచి, “వినకుండానే తీర్పు చెప్పమన్నవాడు మాకొద్దు. గుడ్లు పోయినా వినమన్న చిప్పమ్మే మా పెద్ద” అంది. అందరూ సరేనన్నారు.

చిప్పమ్మ నీళ్ళు తాకి మాట ఇచ్చింది. “ముట్టెన్నా, రేపటి నుంచి గట్టుకి మట్టి తోసే పని నీది. తవ్విన ముట్టెకి తోయడం రాకపోదు. ముందు రా, తిందాం.”

ముట్టెన్న ఎక్కడో చివరన కూర్చోబోయాడు.

“అక్కడ కాదురా, ఇక్కడ” అని చిప్పమ్మ తన పక్కనే విస్తరి వేసింది. తోకయ్య కూడా చెట్టు దిగి వచ్చాడు. ఆకలి మరి. తునికిపళ్ళు, ఇప్పపువ్వు వడ్డించుకుని అందరూ కూర్చున్నారు. ముట్టెన్న ఒళ్ళు అప్పటికి ఆరింది.

నీతి: మాట తప్పినవాడికి పదవి ఇవ్వకూడదు, కానీ వాడి మాట పూర్తిగా వినకుండా కాదనకూడదు. పదవి పోయినా పంక్తిలో చోటు పోకూడదు.